గ్యాస్ ఎటు పోయింది?

మార్చి సగంలోకి రాగానే మన ఊళ్లలో రోడ్ల పక్కన కొత్త దుకాణాలు పుట్టుకొస్తాయి. చెరకురసం బండి, కొబ్బరిబోండాల కుప్ప, మట్టికూజాల వరుస... వాటి పక్కనే చెట్టుకు వేలాడుతూ ఓ రేకుముక్క: ‘ఇచ్చట కారు ఏసీ గ్యాస్ నింపబడును’. కింద ఓ సిలిండరు, గడియారాల్లాంటి రెండు మీటర్లు, ఎర్ర ట్యూబు, నీలం ట్యూబు, కూర్చోడానికో స్టూలు. ఎండలు ముదిరేకొద్దీ అక్కడ కార్ల వరుస పెరుగుతుంది. బంకులో పెట్రోలు పోయించుకున్నట్టే గ్యాస్ కొట్టించుకుని, డబ్బులిచ్చి, అద్దాలెత్తుకుని వెళ్లిపోతారు. మళ్లీ ఏడాది అదే నెలలో అదే చెట్టు కిందికి వస్తారు.

ఇందులో ఓ తిరకాసు ఉంది. కారు ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. పెట్రోలులా కాలిపోదు, బ్రేకు లైనింగులా అరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో కారిపోయిందనే అర్థం. కాబట్టి ‘గ్యాస్ ఎంత పట్టింది?’ అన్నది రెండో ప్రశ్న. ‘ఉన్నది ఎటు పోయింది?’ అన్నది మొదటి ప్రశ్న. ఆ మొదటి ప్రశ్నకు జవాబు వెతకాల్సిన అవసరం 2024 వేసవిలో మా ఇంటికి వచ్చింది.

గీతల సీసా

మాది విజయవాడ. ఇక్కడి ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ, మా ఊళ్లో రోళ్లు అంతవరకూ ఆగవు. అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇల్లు భవానీపురంలో, ఆసుపత్రి బెంజిసర్కిల్ దాటాక. పొద్దున తొమ్మిదికి మంచమెక్కితే నాలుగు గంటల తర్వాత దిగుతుంది. అన్నీ సర్దుకుని బయటపడేసరికి ఒంటిగంటన్నర. అంటే సరిగ్గా సూర్యుడు నడినెత్తిన కూర్చున్న వేళకి ఇంటిదారి పడతాం.

డయాలసిస్ మనిషికి ఎండ ఎంత పగో, ఆ మనిషి ఉన్న ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. దాహమేస్తే మనం చెంబెడు నీళ్లు తాగి నోరు తుడుచుకుంటాం. మూత్రపిండాలు పనిచేయనివాళ్లకు ఆ వీల్లేదు. తాగిన నీరు పోయే దారి లేక ఒంట్లోనే నిలిచిపోతుంది. కాళ్లు వాస్తాయి, ఆయాసం వస్తుంది, గుండె మీద బరువు పడుతుంది. అందుకే రోజుకు ఇన్ని నీళ్లేనని డాక్టర్లు కొలిచి చెబుతారు. అమ్మ గీతలున్న సీసా ఒకటి పెట్టుకుంది. పొద్దున నింపుకుంటే రాత్రి పడుకునేదాకా అదే. వడగాలిలో ఆటోలో వచ్చిన రోజున ఆ సీసా సాయంత్రం ఐదింటికే ఖాళీ అయ్యేది. ఆ తర్వాత నాలుక పిడచకట్టుకుపోయి, ఓ ఐసుముక్క బుగ్గన పెట్టుకుని తెల్లవారేదాకా గడియారం చూస్తూ ఉండేది.

అందుకోసమే 2023 డిసెంబరులో ఓ పాత కారు కొన్నాం. చిన్న హ్యాచ్‌బ్యాక్. రంగు వెలిసినా పర్లేదు, సీట్లు చిరిగినా పర్లేదు, ఏసీ మాత్రం పనిచేయాలన్నది మా షరతు. చలికాలంలో బాగానే పనిచేసింది. మార్చి వచ్చేసరికి అసలు రంగు బయటపడింది. స్విచ్ వేస్తే ఐదు నిమిషాలు చల్లగాలి, ఆ తర్వాత మామూలు ఫ్యాను గాలి. కాసేపు ఆపి వేస్తే మళ్లీ ఐదు నిమిషాలు.

డ్యాష్‌బోర్డు అరలో కాగితాలు తిరగేస్తే పాత యజమాని భద్రంగా దాచిన రసీదులు మూడు దొరికాయి. 2021 ఏప్రిల్, 2022 ఏప్రిల్, 2023 మే. మూడింటి మీదా ఒకటే మాట: ‘ఏసీ గ్యాస్ ఫిల్లింగ్’. మొదటిదాని మీద పదిహేను వందలు, చివరిదాని మీద రెండు వేలు. ఏడాదికేడాది ధర పెరిగింది తప్ప జబ్బు తగ్గలేదు.

ఓ సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాం. బానెట్ ఎత్తి, మీటరు పెట్టి, ఇరవై నాలుగు వేలకు అంచనా రాసిచ్చారు. కండెన్సరు, కూలింగ్ కాయిల్, హోసులు, డ్రయ్యరు... మొత్తం సెట్టు మార్చేయాలట. ‘లీకు ఎక్కడుందండీ?’ అని అడిగితే, ‘అన్నీ పాతవే కదా మేడం’ అన్నది జవాబు.

నాన్న ఆ అంచనా కాగితాన్నీ, మూడు రసీదుల్నీ టీపాయ్ మీద పక్కపక్కన పేర్చి చూశారు.

“ఇది గ్యాస్ జబ్బు కాదే తల్లీ. చిల్లు జబ్బు” అన్నారు.

నాన్న ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి 2009లో రిటైరయ్యారు. ఆయన చేతుల మీదుగా వెళ్లిన బస్సుల్లో ఏసీవి లేవు. కానీ వాటికి గాలి బ్రేకులుండేవి. రాత్రి డిపోలో నిలబెట్టిన బస్సుకు తెల్లారేసరికి గాలి దిగిపోతే ఏం చేస్తారు? ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ గాలి ఎక్కించి రూటు మీదికి పంపేస్తే, ఆ రోజు ఏ మలుపులోనో డ్రైవరు కాలికి బ్రేకు దొరకదు. “మాకు నేర్పిందొకటే. నింపడం తర్వాత, ముందు సబ్బునీళ్ల డబ్బా పట్టుకుని లైను వెంట పోవాలి” అన్నారు. ఆయన కుడిచెయ్యి ఈమధ్య వణుకుతోంది. పానా పట్టుకుంటే నిలవదు. కాబట్టి చేతులు నావి, చూపు ఆయనది అని ఒప్పందం కుదిరింది.

తిరిగే దారి, వణికే ఇంజిన్

చేయి వేసేముందు అసలీ ఏసీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి కదా. ఇంజెక్షన్ ముందు చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టుపక్కల వేడిని లాక్కోవడమే దానికి కారణం. మట్టికూజాలో నీళ్లు చల్లబడేదీ అందుకే. కారు ఏసీ కూడా ఆ సూత్రం మీదే నడుస్తుంది. మనదేశంలో తిరిగే కార్లలో ఎక్కువగా ఉండే గ్యాస్ ఆర్-134ఏ. బయట వదిలితే మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోయే పదార్థమది. డ్యాష్‌బోర్డు వెనక ఉండే కాయిల్‌లో ఆవిరవుతూ కారు లోపలి వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసరు గట్టిగా నొక్కి, రేడియేటరు ముందుండే కండెన్సరులోకి తోస్తుంది. అక్కడ వేడంతా బయటిగాలికి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. తేమను పీల్చే డ్రయ్యరు దాటి, ఎక్స్‌పాన్షన్ వాల్వు అనే సన్నటి సందులోంచి దూరి మళ్లీ కాయిల్ చేరుతుంది. ఎక్కడా తెగని, గుండ్రంగా తిరిగే దారి. బయటికి పోవడానికి వాకిలి లేదు.

మరి అంతా లోహపు గొట్టాలే పెట్టకుండా మధ్యలో రబ్బరు హోసులెందుకు? ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని నడిచినంతసేపూ వణుకుతుంది. కంప్రెసరు ఇంజిన్‌కు బిగించి ఉంటుంది కాబట్టి అదీ వణుకుతుంది. కండెన్సరేమో కారు బాడీకి బిగించి కదలకుండా ఉంటుంది. వణికేదాన్నీ వణకనిదాన్నీ బిర్రు గొట్టంతో కలిపితే నాలుగు రోజుల్లో పుటుక్కుమంటుంది. అందుకని మధ్యలో వంగే హోసు. లావుపాటి హోసు చల్లటి ఆవిరిని కంప్రెసరుకు తెస్తుంది, పట్టుకుంటే చల్లగా ఉంటుంది. సన్నటి హోసు కంప్రెసరు నుంచి కండెన్సరుకు పోతుంది, చెయ్యి పెట్టలేనంత వేడి. ఈ రబ్బరు చివర్లో అల్యూమినియం గొట్టాన్ని దూర్చి, పైన లోహపు తొడుగు వేసి యంత్రంతో నలువైపులా నొక్కేస్తారు. దాన్నే క్రింపింగ్ అంటారు. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి రబ్బరు గట్టిపడి, వణుకుడుకి లోహానికీ రబ్బరుకూ మధ్య పట్టు సడలేది ఎక్కువగా ఆ కీలు దగ్గరే.

బుడగ చెప్పిన సాక్ష్యం

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఏసీ వేసిన కారు కింద నీళ్లు కారుతుంటే గ్యాస్ లీకవుతోందని కంగారుపడతారు. అవి గాలిలోని తేమ చల్లటి కాయిల్ మీద చేరి కారే నీళ్లు. చల్లటి గ్లాసుకు చెమట పట్టినట్టే. అవి కారితేనే మంచిది. గ్యాస్ పోతే నీటి మడుగు కనిపించదు. దానితోపాటు తిరిగే కంప్రెసరు నూనె మాత్రం పోయినచోట చెమ్మలా బయటపడుతుంది. దాని మీద రోడ్డు దుమ్ము చేరి నల్లటి జిడ్డు కడుతుంది. బానెట్ కింద అంతటా పొడిదుమ్ము ఉండి, ఒక్క కీలు దగ్గర మాత్రం జిడ్డు ఉంటే అక్కడ అనుమానించాల్సిందే.

ఓ ఆదివారం పొద్దున నాన్న బానెట్ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నారు. నా చేతిలో టార్చిలైటు, పాత పెయింటు బ్రష్షు, గిన్నెలు తోమే లిక్విడ్ చిక్కగా కలిపిన డబ్బా. కాసేపు ఏసీ నడిపి, ఇంజిన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాను. తిరిగే బెల్టు దగ్గరా, ఉన్నట్టుండి తిరగడం మొదలుపెట్టే ఫ్యాను దగ్గరా చెయ్యి పెట్టకూడదని ఆయన మొదటి ఆజ్ఞ. చున్నీ తీసి లోపల పడేయమనడం రెండో ఆజ్ఞ.

ఇంజిన్ ఆగినా లోపల ఒత్తిడి ఆగదు. బయట 35 డిగ్రీలుంటే ఆ గ్యాస్ ఊరికే నిలబడి 110 పీఎస్‌ఐకి పైనే ఒత్తిడి పెడుతుంది. అంటే మన కారు టైరులో గాలికి మూడు రెట్లు. ఇందులో ఇంకో తమాషా ఉంది. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ఈ ఒత్తిడి గ్యాస్ ఎంతుందన్నదాన్ని బట్టి మారదు, వేడిని బట్టి మారుతుంది. వంటగ్యాస్ సిలిండరు సగానికి వచ్చినా మంట తగ్గదు చూడండి, అలా. అందుకే ఆగి ఉన్న కారుకు మీటరు పెట్టి ‘గ్యాస్ ఇంత ఉంది’ అని చెప్పేవాళ్ల మాట నమ్మడానికి లేదు. తూచాల్సిందే.

ఒక్కో కీలుకు సబ్బునీళ్లు పూసి, అరనిమిషం చూసి, తర్వాతిదానికి వెళ్లాను. కండెన్సరు దగ్గర ఏం లేదు. డ్రయ్యరు దగ్గర ఏం లేదు. లావు హోసుకు రెండువైపులా ఏం లేదు. సన్న హోసు కంప్రెసరును కలిసేచోట, తొడుగు అంచున, ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే మల్లెమొగ్గంత నురుగు గుత్తి కట్టింది.

“అదీ” అన్నారు నాన్న. కుర్చీలోంచి లేచొచ్చి టార్చి తీసుకుని తనూ చూశారు. ఇరవై నాలుగు వేల అంచనా వేసినవాళ్లు వెతకని చిల్లు అది. ఆ బుడగ అంతా కలిపి మినప్పప్పు గింజ కంటే పెద్దదేం కాదు.

ఇంట్లో ఎంతవరకు?

చిల్లు కనిపించాక చేతులు ఊరుకోవు. ఆ సాయంత్రం చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఓ వైద్యం చెప్పారు. రబ్బరు కోసి క్లిప్పు బిగించమని ఒకరు. ఎపాక్సీ ముద్ద పెట్టి గట్టిపడనివ్వమని ఇంకొకరు. లీకు పూడ్చే మందు డబ్బాలు దొరుకుతాయి, గ్యాస్‌తోపాటు లోపలికి ఎక్కించేయమని మరొకరు.

ఇవేవీ ఎందుకు కుదరవో లెక్క వేస్తే తెలుస్తుంది. రేడియేటరు హోసుకు క్లిప్పు సరిపోతుంది. ఎందుకంటే అందులో ఉండేది పదిహేను పీఎస్‌ఐ చుట్టుపక్కల ఒత్తిడి. మన ఎండల్లో ఏసీ నడుస్తుంటే సన్న హోసులో ఒత్తిడి 250 పీఎస్‌ఐ దాటుతుంది. స్క్రూ క్లిప్పు, ఎపాక్సీ ముద్ద దాని ముందు నిలవవు. పైగా జిడ్డున్నచోట ముద్ద అంటుకోదు. లోపలికి ఎక్కించే మందులు చిల్లు పూడ్చినా పూడ్చకపోయినా, తేమ తగిలితే గట్టిపడి ఎక్స్‌పాన్షన్ వాల్వు లాంటి సన్నటి దారుల్ని కూడా పూడ్చేయగలవు. అప్పుడు చిన్న రోగం పెద్దదవుతుంది. వంటగ్యాస్ లాంటి మండే వాయువులు కలిపిన చౌక గ్యాస్ నింపేవాళ్లూ ఉంటారు. చల్లదనం బాగానే వస్తుంది. కాయిల్‌కు చిల్లుపడి అది కారులోకి చేరితే మాత్రం ఓ నిప్పురవ్వ చాలు.

అన్నిటికంటే ముఖ్యం, లోపల గ్యాస్ ఉండగా నట్టు విప్పకూడదు. ఒక్కసారిగా ఎగజిమ్మే ద్రవం తగిలితే చర్మం గడ్డకట్టుకుపోతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. మంట దగ్గరకు చేరితే విషవాయువులుగా మారుతుంది. అందుకే ఆటోనగర్‌లో గ్యాస్‌ను తిరిగి సిలిండరులోకి పట్టే యంత్రమున్న ఓ షాపును వెతుక్కుని ముందు అక్కడికి వెళ్లాం. 

“వదిలేస్తే పోలా మేడం, గాలిలో కలిసిపోతుంది” అన్నాడు అక్కడి కుర్రాడు. చాలామంది చేసేదీ అదే. గాలిలో కలిశాక జరిగేదే అసలు కథ.

ఒకప్పుడు కార్లలో ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. అలాంటి క్లోరోఫ్లోరోకార్బన్లు పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని మోలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు 1974లో చెప్పారు. 1987లో ప్రపంచదేశాలు మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకుని దాన్ని వదిలించుకోవడం మొదలుపెట్టాయి. ఆ ఇద్దరికీ, వారితోపాటు క్రుట్జెన్‌కూ 1995లో నోబెల్ వచ్చింది. ఆర్-12కు బదులు వచ్చిందే ఈ ఆర్-134ఏ. ఓజోన్ జోలికి పోదు. కానీ భూమిని వేడెక్కించడంలో మాత్రం తక్కువది కాదు. వందేళ్ల లెక్క తీస్తే, ఒక కిలో ఆర్-134ఏ సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడుతో సమానం. అందుకే 2016లో కిగాలీలో మరో ఒప్పందం జరిగింది. మన దేశం దాన్ని 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఇలాంటి వాయువుల వాడకం 2028లో పెరగకుండా ఆగాలి, 2032 నుంచి మెట్టుమెట్టుగా తగ్గుతూ 2047కల్లా 85 శాతం తగ్గాలి.

మా కారు బానెట్ కింద అంటించిన స్టిక్కరు ప్రకారం ఉండాల్సిన గ్యాస్ 420 గ్రాములు. యంత్రం బయటికి తీసింది 170. అంటే పది నెలల్లో ఆ మినపగింజంత చిల్లులోంచి పావుకిలో పోయింది. లెక్క కడితే దాదాపు 350 కిలోల కార్బన్ డయాక్సైడుకు సాటి. ఓ చిన్న పెట్రోలు కారు విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఐదుసార్లు వెళ్లి వచ్చినంత పొగ. కారు కదలకుండానే! పాత రసీదులు ఇంకో రెండున్నాయని గుర్తొచ్చి మిగతా లెక్క వేయలేదు. ఎండ పెరుగుతోందని ఏసీ వేస్తాం, ఆ ఏసీ కారి ఇంకాస్త ఎండ పెంచుతుంది. చెట్టుకింది బోర్డు వ్యాపారం మాత్రం రెండువైపులా బాగుంటుంది.

గోళ్లరంగు గీత

గ్యాస్ తీసేసిన కారును ఏసీ వేయకుండా ఇంటికి తెచ్చాం. ఇక్కణ్నుంచి ఇంటి పని. హోసు కంప్రెసరు వైపు ఒక్క బోల్టుతో పట్టుకుని ఉంది, పది నంబరు పానా. రెండోవైపు నట్టు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి అరగంట ఆగాం. “ఒక పానాతో పట్టుకో, ఒక పానాతో తిప్పు” అంటూనే ఉన్నారు నాన్న. ఒక్కదానితోనే తిప్పితే మెత్తటి అల్యూమినియం గొట్టం మెలిపడి పగులుతుంది. అప్పుడు నిజంగానే సెట్టు మొత్తం మార్చాలి.

విప్పేముందు ఆయన నన్నడిగింది విచిత్రమైన వస్తువు. “నీ గోళ్లరంగు తీసుకురా.” హోసు రెండు చివర్లూ ఒకదానికొకటి ఏ కోణంలో తిరిగి ఉన్నాయో తెలిసేలా రబ్బరు మీదా లోహం మీదా పొడవునా ఎర్రగీత గీయించారు. కొత్త హోసుకు ఆ కోణం తప్పితే బిగించేటప్పుడు మెలిక పడుతుంది. మెలికపడ్డ హోసు ఎక్కువ రోజులు బతకదు. విప్పిన వెంటనే రెండువైపులా తెరిచి ఉన్న నోళ్లకు పాలిథీన్ కవరు చుట్టి రబ్బరుబ్యాండ్లు వేశాం. ఏసీ నూనె గాలిలోని తేమను ఇట్టే పీల్చేస్తుంది. లోపలికి చేరిన తేమ వాల్వు దగ్గర మంచుగా గడ్డకట్టవచ్చు, ఆమ్లంగా మారి లోహాన్ని తినవచ్చు.

హోసును సంచిలో వేసుకుని స్కూటీ మీద ఆటోనగర్ వెళ్లాను. లారీల స్ప్రింగులు, బాడీల వెల్డింగులు, రంగుల వాసనల మధ్య హోసులు క్రింపింగ్ చేసే చిన్న గది. ఆ పెద్దాయన హోసును అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఎవరు విప్పారమ్మా దీన్ని?”

“నేనేనండీ.”

“గీత గీసి మరీ తెచ్చారే! జనం అడ్డదిడ్డంగా పీక్కొస్తారు. తర్వాత బిగుసుకోవట్లేదని నన్ను తిడతారు.”

“మా నాన్న గీయించారండీ. ఆర్టీసీలో చేశారు.”

“అదీ సంగతి” అని నవ్వి పాత తొడుగులు కోసేశారు. అల్యూమినియం చివర్లు బాగానే ఉన్నాయి, వాటినే ఉంచారు. కొత్త రబ్బరు మాత్రం ఏసీ గ్యాస్ కోసం చేసినదే కావాలి. చూడ్డానికి అన్ని నల్ల హోసులూ ఒకటే. దీని లోపల నైలాన్ పొర ఉంటుంది. అది లేని హోసులోంచి గ్యాస్ అణువులు రబ్బరులో దూరి మెల్లగా పోతూనే ఉంటాయి. పాత పొడవుకే కోసి, నా గోళ్లరంగు గీతలు కలిసేలా తిప్పి, తొడుగు వేసి యంత్రంలో పెట్టి నొక్కారు. తర్వాత ఓ చివర మూసి, రెండో చివర నుంచి నైట్రోజన్ ఎక్కించి నీళ్ల తొట్టిలో ముంచారు. ఒక్క బుడగా రాలేదు. ఈసారి బుడగ రానందుకు సంతోషం.

బిగించేటప్పుడు పాత ఓ-రింగులు పారేసి కొత్తవి వేశాం. చూడ్డానికి చిన్న ఆకుపచ్చ రబ్బరు గాజులు. ధర పదుల్లో. వాటికి గ్రీజు కాదు, కంప్రెసరు నూనే చుక్క రాయాలి. దారి ఒకరోజు తెరిచి ఉంది కాబట్టి డ్రయ్యరు కూడా మార్చాం. నట్టు చివరి పావు చుట్టు తిప్పబోతుంటే నాన్న చెయ్యెత్తి ఆపారు. “చాలు. బలం చూపించే పని కాదిది.”

సూది కదలకూడదు

చివరి పరీక్ష మళ్లీ షాపులోనే. వాక్యూమ్ పంపు పెట్టి లోపలున్న గాలినంతా లాగేస్తారు. మీటరు సూది సున్నాకు కిందికి, 29 అంగుళాల దగ్గరికి పోతుంది. అంత శూన్యంలో నీరు మామూలు వేడికే మరిగి ఆవిరైపోతుంది. దాగి ఉన్న తేమ కూడా అలా బయటికొస్తుంది. పది నిమిషాలు తిప్పి ‘అయిపోయింది’ అనేవాళ్లుంటారు. మేం ముప్పావుగంట తిప్పించాం. తర్వాత పంపు ఆపి, వాల్వు మూసి, సూదిని చూస్తూ కూర్చోవాలి. అది పైకి జరిగిందంటే ఎక్కడో ఇంకా గాలి దూరుతోందని అర్థం.

అరగంట చూశాం. ఆటోనగర్ మోతలో, రేకుల షెడ్డు కింద, ఓ సూది కదలకుండా ఉండాలని కోరుకుంటూ. నాన్న టీ చల్లారిపోయింది. ఆయన కుడిచెయ్యి మోకాలి మీద వణుకుతూనే ఉంది, చూపు మాత్రం సూది మీంచి కదల్లేదు. సూదీ కదల్లేదు.

అప్పుడు గ్యాస్ ఎక్కించారు. అంచనాకు కాదు, త్రాసు మీద తూచి, సరిగ్గా 420 గ్రాములు. పోయిన నూనెకు బదులు కాస్త నూనె. ఎక్కువ కొట్టిస్తే ఎక్కువ చల్లదనం వస్తుందనుకుంటాం గానీ, గ్యాస్ ఎక్కువైతే ఒత్తిడి పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసరుకు చేటు. హోసుకు, క్రింపింగ్‌కు 850, ఓ-రింగులకు 80, డ్రయ్యరుకు 700, గ్యాస్ తీయడం, వాక్యూమ్, నింపడం కలిపి 2,200. మొత్తం 3,830 రూపాయలు. బయట 41 డిగ్రీలున్న ఆ మధ్యాహ్నం గాలి వచ్చే జాలీ దగ్గర థర్మామీటరు పెడితే పది చూపించింది.

ఇది చదివి రేపే అందరూ పానాలు పట్టుకుని కార్ల మీద పడక్కర్లేదు. అన్ని లీకులూ ఇలా చేతికందేచోట ఉండవు. డ్యాష్‌బోర్డు వెనక కాయిల్‌కు చిల్లుపడితే అది ఇంట్లో తేలే పని కాదు. ఒత్తిడితో ఉన్న గ్యాస్‌ను తీయడం, నింపడం ఎప్పుడూ యంత్రమున్నవాళ్ల పనే. కానీ టార్చిలైటు, సబ్బునీళ్లు అందరిళ్లలోనూ ఉంటాయి. ‘గ్యాస్ తగ్గింది, కొట్టేద్దామా?’ అని అడిగేవాణ్ని ‘ఎటు పోయిందో చూపించు’ అని అడగడానికి ఏ పానా అక్కర్లేదు. చూపించగలిగినవాడికే బండి ఇవ్వండి. నింపేటప్పుడు త్రాసు మీద అంకె చూడండి. ఆ అంకెను తేదీతో సహా రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది ఎవరైనా మళ్లీ తగ్గిందంటే, అప్పుడు తూచిచూస్తే నిజం తెలుస్తుంది.

నాన్న కూడా ఓ అట్టముక్క మీద ‘17-4-2024, హోసు మార్చాం, గ్యాస్ 420 గ్రా.’ అని రాయించి డ్యాష్‌బోర్డు అరలో పెట్టించారు. 2025 వేసవి మొత్తం గడిచినా దాని కింద రెండో వరుస రాయాల్సిన పని పడలేదు. అమ్మ గీతల సీసాలో రాత్రి పడుకునేటప్పటికి రెండు గీతల నీళ్లు మిగిలే రోజులు వచ్చాయి. రోహిణి కార్తెలో ఓ శనివారం, ఆసుపత్రి నుంచి వస్తుంటే బెంజిసర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగింది. బయట తారు కరుగుతోంది. వెనకసీట్లోంచి అమ్మ కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటూ అంది:

“కాస్త తగ్గించవే, చలేస్తోంది.”